ఎనిమిది లైట్ల ట్రాక్టరు

పోయినేడాది, నాట్లకి ముందు నీళ్ళు పెట్టి మళ్ళు దున్నే దమ్ముల సీజన్లో, మా మావయ్య ట్రాక్టరుకి నేను ఎనిమిది లైట్లు, ఒక బజరు, ఒక లారీ హారను బిగించాను. కంపెనీవాళ్ళు ఇచ్చిన రెండు హెడ్‌లైట్లు ఈ లెక్కలోకి రావు. పెద్ద బండి కూడా కాదు, ఇరవై నాలుగు హార్స్‌పవర్ మినీ ట్రాక్టరు. చేలో దిగితే దూరానికి ట్రాక్టరు కంటే లైట్లే ముందు కనపడేవి. ఊళ్ళోవాళ్ళు దానికి ఊరేగింపు బండి అని పేరు పెట్టేశారు.

పనితనం విషయంలో నాకు కాస్త పొగరుంది. ముందే ఒప్పేసుకుంటున్నాను. పామర్రు సెంటర్లో ఇరవై ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. లారీ అయినా, ట్రాక్టరైనా, నేను చేసిన వైరింగు మళ్ళీ విప్పాల్సి వచ్చిందని ఎవరూ నా గుమ్మం ఎక్కలేదు. ఆ పొగరు వల్లే ఆ వానాకాలం సగం పైగా నేను వెతకాల్సిన చోట వెతకలేదు.

మావయ్యంటే నా భార్య స్వర్ణలత తండ్రి, నతానియేలు. అవనిగడ్డ దాటాక కాలవ చివర ఊరు వాళ్ళది. ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ ట్రాక్టర్ల మీద డ్రైవరుగా చేసి, అరవై దాటాక సొంతంగా ఈ బండి కొనుక్కున్నారు. ఆ రోజు పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తుంటే మావయ్య కళ్ళు మూసుకోకుండా బండి వంకే చూస్తూ నిలబడ్డారని మా అత్తయ్య సంతోషమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. కొడుకుల్లేరు, స్వర్ణ ఒక్కతే. ఊళ్ళో అరవై ఎకరాలకి దమ్ము ఆయనే చేసేవారు. ఆయన దున్నిన మడిలో నీళ్ళు ఒక మూలకి పోవని, నేల అంత సమంగా వస్తుందని రైతులు అనేవారు. ఆ మాట తప్ప ఆయనకి ఇంకే మెప్పూ అక్కర్లేదు.

మా ఇద్దరి మధ్య పన్నెండేళ్ళుగా నాలుగు మాటలే నడిచేవి. బాగున్నారా, షాపెలా ఉంది, కూర ఇంకాస్త వేసుకోండి, బయల్దేరతారా. నేను ఆయన్ని మీరంటాను, ఆయన నన్ను మీరంటారు. అల్లుడికి కుర్చీ వేస్తారు, తను మంచం పట్టె మీద కూర్చుంటారు. నా దగ్గర ఏదీ అడగని మనిషి. అలాంటిది జూన్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోంచేశాక, చేతులు తుడుచుకుంటున్న నా దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"అల్లుడుగారూ, మిమ్మల్ని ఒకటడగాలండీ."

"చెప్పండి మావయ్యా."

"బండి మీద తిరిగే లైటు ఒకటి పెట్టగలరా? పసుప్పచ్చది. రోడ్డు పనులు చేసే బండ్ల మీద ఉంటదే, అది."

నాకు నవ్వొచ్చింది. "దమ్ముకి అదెందుకు మావయ్యా? మీకు కావలసింది వర్క్ లైట్లు. వెనక ఒకటి, ముందు రెండు. పట్టపగల్లా ఉంటుంది."

"సరేనండీ. అదీ పెట్టండి," అన్నారు.

అడిగింది ఒకటి. నేను నాలుగు తెచ్చాను. మిగతా మూడూ నా తెలివి.

మరుసటి ఆదివారం వాళ్ళ పెరట్లో పాక కింద పని చేశాను. ఆ పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. దమ్ములో ఇనప చక్రాలు బురదని ఆకాశానికి ఎగరేస్తాయి. అందుకని వైరు ఎక్కడా కిందనుంచి పోనివ్వలేదు. పైపులో దూర్చి బానెట్ లోపలి అంచు వెంబడి తీసుకెళ్ళాను. లైట్లకి బ్యాటరీ నుంచి విడిగా లైను, స్విచ్చు మీద భారం పడకుండా దానికో రిలే, ఒక్కో లైటుకి ఒక్కో ఫ్యూజు. ఎర్త్ బిగించే చోట రంగు గీకి ఇనుము తేలాక బిగించాను. కుడిచేతి దగ్గర చిన్న రేకు మీద స్విచ్చులు వరసగా పెట్టి, వాటి పక్కన తెల్ల పెయింటుతో గుర్తులు రాశాను. మావయ్య స్విచ్చులు చూడకుండా వేళ్ళతో తడిమి ఒక్కోటీ వేసి చూసుకున్నారు. పని మీద ప్రేమనుకున్నాను.

జూలై రెండో వారానికి గాని నీళ్ళు రాలేదు. కృష్ణ మీదుగా కాలవని దాటించే పులిగడ్డ అక్విడక్టు దాటి ఆ చివరి ఊరికి కాలవ చేరేసరికి ఎప్పుడూ అంతే. వచ్చాక మాత్రం అందరికీ ఒకేసారి కావాలి. వంతు వచ్చిన రోజే దమ్ము చేయించుకోవాలి, మర్నాడు నాట్లకి మనుషులు సిద్ధంగా ఉంటారు. మావయ్య తెల్లారకముందే బండెక్కి దీపాలవేళ దాకా దిగేవారు కాదు.

అక్కణ్ణుంచి ఫోన్లు మొదలయ్యాయి. మొదటి వారం, "అల్లుడుగారూ, మడ్‌గార్డుల మీద పక్కలకి రెండు లైట్లు పెడితే బాగుంటదేమోనండీ." పెట్టాను. రెండో వారం, "వెనక ఎర్రయి రెండు, వెలిగి ఆరేయి." అవీ పెట్టాను. ఆ తర్వాత, వెనక్కి నడిపితే కుయ్యి కుయ్యిమనే బజరు. ఆ తర్వాత హారను.

"ఉన్న హారను పనిచేయట్లేదా మావయ్యా?"

"పనిచేస్తందండీ. ఇంకాస్త గట్టిది కావాలి. లారీది."

మా షాపులో స్పేర్‌పార్టుల కౌంటరు స్వర్ణ చూసుకుంటుంది. రిలే నంబర్లు నాకంటే దానికే బాగా తెలుసు. లారీ హారను డబ్బాలోంచి తీసిస్తూ, "మా నాన్న దమ్ము చేస్తున్నాడా, క్రిస్మస్ క్యారల్స్‌కి తిరుగుతున్నాడా?" అంది.

"ఆల్టర్నేటరు కరెంటు ఎంతిస్తుందో చూసుకునే పెడుతున్నాలే."

"నేనడిగింది ఆల్టర్నేటరు గురించి కాదండీ," అంది. మరి దేని గురించని నేనడగలేదు.

ఆగస్టు మొదటి ఆదివారం మేం వెళ్ళేసరికి కాంతారావుగారు మావయ్య ఇంటిముందు నిలబడి ఉన్నారు. కాలవ గట్టు పక్క ఆయనకి ఎనిమిదెకరాలు. మొదట్నుంచీ మావయ్య చేతే దున్నించుకునే మనిషి. మావయ్య ఇంకా చేలోనే ఉన్నారని, నన్ను పక్కకి పిలిచారు.

"బాబూ, ఏమీ అనుకోవద్దు. మీ మావగారు దున్నితే దువ్వెనతో దువ్వినట్టుండేది. ఈసారి ఎడంపక్క గట్టు వెంబడి బారెడు వెడల్పున గడ్డి అట్టాగే ఉండిపోయింది. రెండు మళ్ళల్లోనూ అంతే. ఆయనకి చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. నువ్వు లైట్లు పెడుతున్నావంటగా, ఆ ఎడం లైటేమన్నా సరిగ్గా పడట్లేదేమో చూడు."

నా వైరింగు మీద మాట పడేసరికి నాకు చురుక్కుమంది. సాయంత్రం మావయ్య బండి తెచ్చి పాక ముందు ఆపగానే చెప్పాను.

"ఎడం లైటు యాంగిల్ తప్పినట్టుంది మావయ్యా. కాంతారావుగారి చేలో కాస్త మిగిలిపోయిందట."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "అయ్యుంటదండీ," అన్నారు.

ఆ సాకు ఆయన చేతికి అందించింది నేనే. ఆయన తీసుకున్నారు, అంతే.

పొద్దు వాలుతోంది. ఆయన్ని సీట్లోనే కూర్చోమని, ఇంజను ఆన్‌లో ఉంచమని మీటరు పట్టుకుని దిగాను. బ్యాటరీ దగ్గర పదమూడున్నర వోల్టుల పైన చూపిస్తోంది. లైటు దగ్గర కూడా అంతే, ఎక్కడా కరెంటు తగ్గట్లేదు. ఎర్త్ బోల్టు విప్పి మళ్ళీ బిగించాను. లైటుని రెండు వేళ్ళంత కిందికి వంచాను. ఎడం చక్రం ముందునుంచి పెరడు చివర ములగచెట్టు దాకా నేలంతా తెల్లగా వెలుగు. నేను ఎడం మడ్‌గార్డు పక్కనే, ఆయన భుజానికి చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడి చూస్తున్నాను.

"అల్లుడుగారూ," అని పిలిచారు మావయ్య, పెరట్లోకి చూస్తూ. "ఎక్కడికెళ్ళారండీ?"

నేను పలకలేదు. నా వైపు తల తిప్పుతారేమోనని చూస్తున్నాను. ఆయన ఇంకోసారి పిలిచారు. లోపలికెళ్ళాననుకున్నారో ఏమో, గేరు మీద చెయ్యి వేశారు. నేను గబగబా రెండడుగులు ముందుకేసి బానెట్ దగ్గరికి వచ్చాను.

"ఆ, ఇక్కడే ఉన్నారా," అని నవ్వారు. "చూసుకోలేదండీ."

"లైటు సరిపోయింది మావయ్యా," అన్నాను. మీటరుతో కొలవాల్సింది ఆ బండిలో ఏమీ లేదని అప్పటికి అర్థమైంది.

ఆ రాత్రి ఇంటికొస్తూ దారంతా స్వర్ణకి చెప్పలేదు. మర్నాడు షాపు తీశాక, మొదటి టీ తాగాక చెప్పాను. అది కౌంటరు మీద ఫ్యూజులు రంగులవారీగా డబ్బాల్లో వేస్తోంది. చెప్పడం అయిపోయినా చేతులు ఆపలేదు. తర్వాత చూస్తే ఎర్రవి, నీలంవి అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి.

"ఈస్టరుకి వెళ్ళినప్పుడు," అంది, "అమ్మ మంచినీళ్ళ గ్లాసు పక్కనే పెడితే నాన్న నీళ్ళు తెమ్మని మళ్ళీ అడిగాడు. అమ్మ విసుక్కుంది. నేను నవ్వాను."

"చెప్పాలి స్వర్ణా. గట్టు రోడ్డు మీద నాట్లవాళ్ళు నడుస్తుంటారు."

"మీరు చెప్పండి."

"అల్లుణ్ణి, నేనెలా చెబుతాను? నీకు కళ్ళు కనపడట్లేదు, బండి దిగు అని?"

"నేను కూతుర్ని. నేనసలు చెప్పలేను. ఆ సీట్లో కూచోవద్దంటే ఇంకెక్కడ కూచుంటాడాయన?"

చివరికి ఇద్దరం ఒక తెలివైన పని చేశాం. అంటే, తెలివైందని అప్పుడనుకున్నాం. విజయవాడలో కళ్ళాసుపత్రికి శుక్రవారం టైము తీసుకుంది స్వర్ణ. ఆ లోపు బండి కదలకూడదు. బుధవారం నేను ఒక్కణ్ణే వెళ్ళి, చూసినట్టే చూసి, స్టార్టరు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. తాళం తిప్పితే టక్కుమని కూడా అనలేదు.

"స్టార్టరు రిలే పోయింది మావయ్యా. విజయవాడనుంచి రావాలి. మూడు రోజులు పడుతుంది."

ఆయన నా మొహం వైపు చూశారు. సూటిగా చూస్తే బాగానే కనపడుతుందేమో, చాలాసేపు చూశారు.

"రేపు కాంతారావుగారి మిగతా మళ్ళ వంతండీ," అన్నారు.

"వేరే ట్రాక్టరు చూసుకుంటారులెండి."

"అలాగేనండీ."

జీవితంలో నేను బండ్లు బాగుచేశాను గాని పాడుచేయడం అదే మొదలు. అవనిగడ్డ వచ్చేదాకా బైకు మీద నాకు సిగ్గుగానే ఉంది. జేబులో ఆ ఫ్యూజు గోరంత ఉంటుంది, తీసి పారేయనూ లేను.

మర్నాడు, గురువారం, మధ్యాహ్నం మూడింటికి అత్తయ్య ఫోను.

"బాబూ, రిలే వచ్చేసిందా? మీరెప్పుడొచ్చి వేశారు? పొద్దున చర్చి ఆడవాళ్ళ కూడికకి వెళ్ళాను, ఇప్పుడొస్తే పాకలో బండి లేదు."

నా నెత్తి మీద నేనే మొట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ డ్రైవరు. తాళం పనిచేయకపోతే స్టార్టరు మోటారు మీద రెండు బోల్టులకీ స్క్రూడ్రైవరు అడ్డం పెడితే చాలు, నిప్పురవ్వ లేచి ఇంజను తిరుగుతుంది. పాత డ్రైవర్లకి అది చేతి అలవాటే. వాళ్ళకి ఫ్యూజు పీకి బండి ఆపుదామనుకున్నానంటే నా అంత తెలివైనవాడు కృష్ణా జిల్లాలో ఉండడు.

షాపు షట్టరు దించి ఇద్దరం బైకెక్కాం. కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, ఎక్కడా ఆగలేదు. స్వర్ణ నా భుజం పట్టుకున్న చెయ్యి దారంతా సడలలేదు. కాలవ గట్టు ఎక్కేసరికి నాలుగున్నర దాటింది, ఎండ ఇంకా ఉంది. ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు. ముందు నాట్లు వేసే ఆడవాళ్ళు పది పన్నెండు మంది ఇంటికి నడిచి వస్తున్నారు. వాళ్ళ వెనక, దూరంగా, మావయ్య బండి. పట్టపగలు అన్ని లైట్లూ వెలుగుతున్నాయి, పైన పసుప్పచ్చది తిరుగుతోంది. లారీ హారను ఆగి ఆగి మోగుతోంది. బండి మాత్రం మనిషి నడిచేంత నిదానంగా వస్తోంది.

ఆ ఆడవాళ్ళలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, "జరగండే, నతానియేలు బండి," అంది. అందరూ ఒక్కసారిగా రోడ్డుకి కుడివైపు మారి, గట్టు వారన ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. మేం బైకు ఆపాం. స్వర్ణని చూసి ఆవిడ గుర్తుపట్టింది. మహాలక్ష్మమ్మ, నాట్ల ముఠాకి పెద్ద.

"నువ్వటే స్వర్ణా! ఇటు రండమ్మా, ఎడంపక్క ఉండకండి. మీ నాన్నకి అటు కనపడదు."

"నీకెవరు చెప్పారు అత్తా?" అంది స్వర్ణ.

"ఆయనే చెప్పాడు. నీళ్ళొచ్చిన రోజే ముఠాలన్నిటి దగ్గరికీ వచ్చి చెప్పాడు. నా బండికి లైట్లు పెట్టించుకుంటన్నాను, అవి కనపడితే ఎంత దూరమున్నా కుడిపక్కకి వచ్చెయ్యండి, మీరే నన్ను చూసుకోవాలి, అని. మీకు తెలవదా?"

నాకు తెలవదు. నేను మనసులో లైట్లు లెక్కపెట్టాను. ఆయన అడిగినవి తిరిగే లైటు, పక్క లైట్లు, వెనక ఎర్రవి, బజరు, హారను. దారి చూసుకోవడానికి పనికొచ్చేది ఒక్కటి కూడా ఆయన అడగలేదు. అవి నేను పెట్టినవి. నా పనికి నేనే మురిసిపోతూ, ఆయన అడిగింది ఎందుకని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ గట్టు మీద నిలబడి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

స్వర్ణ రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడింది. బండి సూటిగా దాని వైపే వచ్చి, ఇంకా పాతిక గజాలుండగానే ఆగింది. మేం దగ్గరికి వెళ్ళేసరికి మావయ్య ఇంజను ఆపారు. ముందు నన్ను వెతుక్కున్నారు, తల తిప్పి చూపుతో పట్టుకున్నారు.

"అల్లుడుగారూ, ఫ్యూజు జేబులోనే ఉందాండీ?"

"ఉంది మావయ్యా."

"జాగర్తగా ఉంచండి. చిన్నవస్తువు, పడిపోద్ది."

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను. స్వర్ణ మాత్రం ఊరుకోలేదు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

ఆయన సీటు కింద టూల్‌బాక్సు తెరిచి, స్పానర్ల మధ్యనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో కంటిచుక్కల సీసా, మడతలుపడ్డ ఆసుపత్రి కాయితాలు ఉన్నాయి. మేలో, బ్యాటరీ మార్పించుకొస్తానని అత్తయ్యకి చెప్పి ఒక్కరే విజయవాడ వెళ్ళారట.

"కంట్లో ప్రెషరంట. నరం ఎండిపోతందంట. పక్కల చూపు, ఎడంపక్క మరీను, పోయింది రాదన్నారు. ముందుది నిలబడటానికి ఈ చుక్కలు. పూటపూటా వేస్తన్నాను, మానలేదు." తప్పు చేసిన పిల్లాడు పరీక్ష పాసయ్యానని చెప్పుకుంటున్నట్టుంది ఆ గొంతు. "ఈ ఒక్క దమ్ము అయిపోతే బండి ఆపేద్దామనుకున్నాను. మాటిచ్చేశాను గదే రైతులకి. అందుకే అందరికీ కనపడేటట్టు..."

"లైట్లు చూసి మనుషులు జరుగుతారు నాన్నా. గేదెదూడ జరుగుద్దా? మొన్నే నడక నేర్చిన పిల్ల జరుగుద్దా?"

మావయ్య కవరు మడిచి మళ్ళీ స్పానర్ల మధ్య పెట్టారు. ఆడవాళ్ళు వెళ్ళిపోకుండా కాస్త ఎడంగా నిలబడిపోయారు.

"కాంతారావుగారి మడి ఇంకా రెండెకరాలుంది," అన్నారు చివరికి. "డీజిలు సరిపోదేమోనని ఇంటికి బయల్దేరాను. నీళ్ళు రేప్పొద్దుటికి పక్కవాళ్ళకి మళ్ళిపోతాయి."

"ఎవరికైనా ఇవ్వచ్చుగా బండి?"

"ఎవరికిస్తానే?"

"నన్నడిగావా?"

ఆయన తెల్లబోయి చూశారు. "నువ్వు పామర్రులో కౌంటరు మీద కూచున్నావు గదే."

"నీ ఒళ్ళో కూచుని స్టీరింగు పట్టుకున్నప్పుడు నాకు ఆరేళ్ళు. పదో తరగతి సెలవుల్లో కామందు గారి ట్రాక్టరుతో రెండెకరాలు నేనే దమ్ము చేశాను. నువ్వు గట్టు మీద కూచుని చుట్ట కాల్చుకున్నావు. మర్చిపోయావా?"

"మర్చిపోలే," అన్నారు. కొంచెంసేపు ఆ స్టీరింగు మీదే చేతులుంచుకుని కూర్చున్నారు. తర్వాత మెడమీద తువ్వాలు తీసి సీటు తుడిచారు. కుడికాలుతో నేల తడుముకుంటూ దిగి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి కూతురి చేతికిచ్చారు. అంతే జరిగింది.

స్వర్ణ దాన్ని నాకిచ్చింది. నేను జేబులోంచి ఫ్యూజు తీసి దాని చోట దాన్ని పెట్టాను. పెడుతుంటే మావయ్య నా పక్కకి వచ్చి, చెయ్యి తడుముకుని నా వీపు మీద వేశారు.

"ఏరా, భయపడ్డావా?" అన్నారు.

పన్నెండేళ్ళలో నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. "భయపడ్డాను మావయ్యా," అన్నాను.

డీజిలు నేను బైకు మీద తెచ్చాను. స్వర్ణ చుడీదారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చున్నీ నడుముకి బిగించి బండి మడిలోకి దించింది. మొదటి రెండు చాళ్ళు వంకర. గట్టు మీద మావయ్య ఇంజను చప్పుడు విని, "గేరు తగ్గించు, తగ్గించు," అని అరుస్తూనే ఉన్నారు. మూడో చాలు నుంచి అరవడం మానేశారు. దీపాలవేళకి రెండెకరాలూ అయ్యాయి. ఎడంపక్క గట్టు వారన మిగిలిపోయిన గడ్డిని కూడా అది వదల్లేదు. కాంతారావుగారు వచ్చి చూసి, "ఈ అమ్మాయి ఎవరండీ, సోమవారం మా తమ్ముడికి కూడా చెయ్యాలి," అన్నారు, ఎవరో తెలియనట్టు.

మర్నాడు ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్ళాం. డాక్టరు ఆ కాయితంలో ఉన్నదే చెప్పాడు, చుక్కలు ఒకటి మార్చాడు. అత్తయ్య బస్సులో వచ్చేటప్పుడు దారంతా ఆయనతో మాట్లాడలేదు. ఇల్లు చేరాక మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు పక్కన పెట్టకుండా చేతికి ఇచ్చింది.

సీజన్లో ఇంకా పదిహేను ఎకరాలు మిగిలి ఉండటంతో మేం అక్కడే మకాం పెట్టాం. షాపుకి నేను పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాణ్ణి. కౌంటరు మీద కూర్చుంటే ఏ రిలే ఏ డబ్బాలో ఉందో తెలియక రోజుకి నాలుగుసార్లు స్వర్ణకి ఫోను చేసేవాణ్ణి. ఇంజను హోరులో అది అరిచి చెప్పేది.

మొదటి ఆదివారం మావయ్య నన్ను పాక దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఇయ్యన్నీ పీకెయ్యండి అల్లుడుగారూ. బండి చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది. అమ్మాయికి కళ్ళున్నాయిగా." మళ్ళీ మీరులోకి వచ్చేశారు.

నేను స్పానరు పట్టుకుని మొదలుపెట్టాను. లారీ హారను తీశాను, బజరు తీశాను. పక్క లైట్లు, వెనక ఎర్రవి విప్పి గోనెసంచిలో వేశాను. నా వర్క్ లైట్లు మూడూ ఉంచమంది స్వర్ణ, అవి నిజంగానే పనికొస్తున్నాయట. నాకు ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చివరికి పైన తిరిగే లైటు బోల్టు మీద స్పానరు పెట్టాను.

"అదొద్దులెండి," అన్నారు మావయ్య.

"ఇంకెందుకు మావయ్యా?"

ఆయన వాకిట్లోకి వెళ్ళి, చేలవైపు తిప్పి వేసి ఉన్న మంచం మీద కూర్చున్నారు. ముందు ఎప్పుడూ ఆ మంచం ఇంటివైపు ఉండేది.

"అది తిరుగుతుంటే అమ్మాయి ఏ మళ్ళో ఉందో నాకు తెలుస్తదండీ."

నేను స్పానరు కింద పెట్టేశాను. ఆ లైటు వైరు మొదట్నుంచి చివరిదాకా మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. దాని స్విచ్చు పీకేసి, తాళంతో కలిపాను. ఇక ఎవరూ గుర్తుపెట్టుకుని వెయ్యక్కర్లేదు. బండి స్టార్టయితే అది వెలుగుతుంది, బండి ఆగేదాకా తిరుగుతుంది.

సోమవారం తెల్లారుతుండగా స్వర్ణ బండి తీసుకెళ్ళింది. మబ్బు పట్టి చేలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. నేను షాపుకి బయల్దేరబోతూ వాకిట్లో ఆగాను. మావయ్య మంచం అంచున కూర్చుని ఉన్నారు. మొహం నిదానంగా కుడినుంచి ఎడమకి తిప్పుకుంటూ వచ్చారు, మళ్ళీ కుడికి తిప్పారు. ఒకచోట ఆపేశారు.

"కాంతారావుగారి తమ్ముడి మడేనా?" అన్నారు.

నేను అటు చూశాను. దూరంగా బురదలో ఆ చిన్న పసుప్పచ్చ వెలుగు తిరుగుతోంది.

"అవును మావయ్యా, అదే," అన్నాను.